ఇగురం గల పనిముట్లు

సంపాదకవర్గం తమ్ముళ్ళు ఈసారి నాకిచ్చిన అంశం "మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్లు". సాహిత్య సంచికలో ఈ గొడవ ఎవరు చదువుతార్రా అంటే, "పొద్దంతా ల్యాబ్‌లో కూర్చుని రాత్రికి కథలు రాసేది మేమే కదన్నా, మేమే చదువుతాం" అన్నారు. ఆ మాటా నిజమే. రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నా దగ్గర కొత్త సరుకు తక్కువ. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో బ్యాకెండ్ డెవలపర్‌గా ఇది నాకు ఏడో ఏడు. పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే తెరిచేవి ఇవి: ఒక టెర్మినల్, అందులో టీమక్స్, విమ్, గ్రెప్, గిట్. పక్కన ఫైర్‌ఫాక్స్. వీటన్నిటి మధ్యా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. దాని సంగతి తర్వాత చెప్తాను. నిజానికి ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నది ఆ ఫైలు కోసమే.

మా బాపమ్మ నోట ఎప్పుడూ ఒక మాట ఉండేది. ఇగురం. జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. ఒడుపూ, పొదుపూ, తెలివీ కలిస్తే ఇగురం. ఇంట్లో పప్పు తక్కువున్న రోజే పదిమంది చుట్టాలొస్తే, ఎవరికీ తక్కువైందని తెలియకుండా అందరికీ సరిపెట్టడం ఇగురం. నాకు నచ్చిన పనిముట్లన్నిటిలో ఉన్న గుణం ఇదేనని కొన్నేళ్ళ తర్వాత అర్థమైంది.

వీటిని నేను ఇష్టపడి నేర్చుకోలేదు, అవసరపడి నేర్చుకున్నాను. ఫస్టియర్‌లో నాన్న కొనిచ్చిన ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది, 4 జీబీ ర్యామ్. ఐడీఈ తెరవాలంటే బ్రౌజర్ మూసేయాలి. రెండూ తెరిస్తే ఫ్యాను పిండిమిల్లులా మోగేది, పక్క మంచం వాడు లేచి తిట్టేవాడు. హాస్టల్లో ఒక సీనియర్ అన్న పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ తెచ్చి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో దాన్లో వేసిచ్చాడు. వేసిచ్చి, "దీన్లో నీకు కావాల్సినవన్నీ ముందే ఉన్నాయి, కాకపోతే బొమ్మలుండవు, మాటలే ఉంటాయి" అన్నాడు. తెలుగు మీడియంలో పది వరకూ చదివి వచ్చినవాణ్ణి. ఆ నల్ల తెర మీద మిణుకుమిణుకుమనే కర్సర్ని చూస్తే బుగులయ్యేది. నెల రోజులకి బుగులు పోయింది. ఎందుకంటే అది ఇంగ్లిష్ కాదని తెలిసింది. ఏ మీడియం నుంచి వచ్చినవాడైనా మొదటి నుంచి నేర్చుకోవాల్సిన వేరే భాష అది. అక్కడ అందరం ఒకే బెంచి మీద కూర్చున్నట్టు.

పైపు

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పేర్లు మీరు ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో వినే ఉంటారు. డగ్ మెకిల్‌రాయ్ పేరు అంతగా వినపడదు. తోటలో నీళ్ళ గొట్టాలు ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాముల్ని కూడా బిగించుకునే వీలుండాలని ఆయన 1964లోనే రాసిపెట్టుకున్నాడు. 1973లో థాంప్సన్ ఆ వీలుని యూనిక్స్‌లో పెట్టాడు. కీబోర్డు మీద మనం నిలువు గీతతో రాసే పైపు అదే.

దీని విలువ క్లాసులో తెలియదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక రాత్రి పదకొండింటికి ఫోనొచ్చింది. ఒక క్లయింట్ సిస్టమ్‌లో చెల్లింపులు ఆగిపోతున్నాయి. కారణం లాగ్ ఫైలులో ఉంటుంది, కానీ ఆ ఫైలు 18 జీబీ. మౌసు పట్టుకుని తెరిచే మామూలు ఎడిటర్లలో అది తెరుచుకోవడం కష్టం. తెరుచుకున్నా అన్ని కోట్ల లైన్లు కళ్ళతో ఎవరు చదువుతారు? సర్వర్ మీద అసలు డెస్క్‌టాపే లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్తే ఉండేది ఒక ప్రాంప్ట్, అంతే. ఆ రాత్రి పని చేసిన వరస ఇది:

గ్రెప్ | ఆక్ | సార్ట్ | యూనిక్ | సార్ట్ | హెడ్

గ్రెప్ టైమౌట్ అని ఉన్న లైన్లు మాత్రమే ఏరింది. ఆక్ ప్రతి లైన్లోంచీ ఆ అభ్యర్థన ఏ మెషీన్ నుంచి వచ్చిందో ఆ ఒక్క ముక్క తీసింది. సార్ట్ వాటిని వరసలో పెట్టింది. యూనిక్ ఒకే రకం ఎన్నున్నాయో లెక్కపెట్టింది. రెండో సార్ట్ ఎక్కువ నుంచి తక్కువకి పేర్చింది. హెడ్ మొదటి పది చూపించింది. మొదటి లైన్లో ఉన్న అంకె, మిగతా తొమ్మిది అంకెలూ కలిపినా దానికి దగ్గరికి రాదు. ఒక్క మెషీన్ జవాబు రాకముందే మళ్ళీ మళ్ళీ అడుగుతూ అందరి దారీ మూసేస్తోంది. దాన్ని పక్కన పెడితే చెల్లింపులు కదిలాయి. మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఈ వరసలో మధ్యనున్న సార్ట్ ఎందుకని ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు. యూనిక్ పక్కపక్కన ఉన్న లైన్లని మాత్రమే పోల్చి చూస్తుంది. మూడు బెంచీల అవతల ఉన్న కవల దానికి కనపడదు. కాబట్టి ఒకలాంటివన్నీ ముందు పక్కపక్కకి చేర్చాలి. ఒకటి పేర్చుతుంది, ఒకటి లెక్కపెడుతుంది. దేనికీ రెండో పని రాదు. అన్నీ కలిస్తే మాత్రం 18 జీబీ లోంచి ఒక్క లైను బయటికొస్తుంది. ఇగురం అన్నది ఇందుకే.

ఆక్ పేరు విని ఏదో పక్షి అనుకోకండి. 1977లో దాన్ని రాసిన ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలవి: ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగాన్. అవును, మన కంపైలర్ డిజైన్ పుస్తకంలోని ఆహోనే. సి పుస్తకంలోని కెర్నిగానే. గ్రెప్ పేరు ఇంకా సరదా. ఈడీ అనే పాత లైన్ ఎడిటర్‌లో "ఫైలంతా వెతుకు, ఈ నమూనాకి సరిపోయిన లైన్లు అచ్చువెయ్యి" అనే ఆదేశం జి, ఆర్ఈ, పి అక్షరాలతో ఉండేది. థాంప్సన్ దాన్ని విడదీసి సొంత ప్రోగ్రామ్‌గా రాశాడు. ఎందుకు రాయాల్సొచ్చిందో కెర్నిగాన్ చెప్తుంటాడు. వాళ్ళ సహోద్యోగి లీ మెక్‌మాన్ అమెరికా రాజ్యాంగ కాలం నాటి ఫెడరలిస్ట్ వ్యాసాల్లో ఏ వ్యాసం ఎవరు రాశారో పదాల వాడకాన్ని బట్టి తేల్చాలని చూస్తున్నాడు. ఆ పాఠం ఈడీలో పట్టలేదు. అంటే సాహిత్య పరిశోధనకి అడ్డం పడిన ఇబ్బంది లోంచి గ్రెప్ వచ్చింది. మన క్లబ్బులో ఈ మాట గట్టిగా చెప్పుకోవచ్చు.

క్రియ ముందు, నామం వెనక

విమ్ గురించి అందరికీ తెలిసిన జోకు ఒకటే, దాన్లోంచి బయటికి రావడం ఎలా అని. నేను వేరే సంగతి చెప్తాను. విమ్‌లో ఉన్నది షార్ట్‌కట్లు కాదు, వ్యాకరణం. డి అంటే తీసెయ్యి, సి అంటే మార్చు, వై అంటే నకలు తీయి. ఇవి క్రియలు. డబ్ల్యు అంటే పదం, పి అంటే పేరా, కోట్ గుర్తు అంటే కోట్ల మధ్య ఉన్నది. ఇవి నామాలు. ఐదు క్రియలు, పది నామాలు వస్తే యాభై వాక్యాలు వచ్చినట్టే. ఒక్కటీ బట్టీ పట్టక్కర్లేదు. తెలుగులో క్రియ చివర్లో కూర్చుంటుంది, ఇక్కడ ముందు కూర్చుంటుంది. ఆ ఒక్క తేడాకి అలవాటు పడితే చాలు.

కర్సర్ కదపడానికి హెచ్, జె, కె, ఎల్ ఎందుకని నేనూ అడిగాను. విమ్‌కి అమ్మలాంటి వీఐని బిల్ జాయ్ 1976లో బర్క్లీలో ఉన్నప్పుడు రాశాడు. ఆయన వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ నాలుగు మీటల మీదే అచ్చై ఉండేవి. ఎస్కేప్ మీట ఇప్పుడు మన ట్యాబ్ ఉన్న చోట ఉండేది. ఆ టెర్మినల్ పోయింది, అలవాటు మిగిలింది. మనూళ్ళో చెట్టు కొట్టేసినా బస్టాపుని చింతచెట్టు స్టాపనే అంటారు కదా.

విమ్‌ని బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేశాడు. డబ్బు అడగలేదు. నచ్చితే ఉగాండాలోని పిల్లల చదువుకి సాయం చెయ్యమని అడిగాడు. ఈ రోజుకీ విమ్ తెరవగానే ఖాళీ తెర మీద ఆ విన్నపం కనిపిస్తుంది. ఆయన 2023 ఆగస్టులో చనిపోయాడు. ఆయన రాసిన ప్రోగ్రామ్ వేరేవాళ్ళ చేతుల్లో నడుస్తూనే ఉంది.

విమ్‌లో తెలుగు రాయడంలో ఒక చిక్కుంది. నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడతాను. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి, రెండు వారాల్లో చేతులకి పట్టుబడుతుంది. కానీ ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉండగా కర్సర్ కిందికి దింపుదామని జె నొక్కితే విమ్‌కి చేరేది ర. డి నొక్కితే పొల్లు. ర అనే క్రియ విమ్‌కి తెలియదు కాబట్టి బెల్ కొట్టి ఊరుకుంటుంది. అందుకే ఎస్కేప్ నొక్కగానే కీబోర్డు ఇంగ్లిష్‌కి మారి, మళ్ళీ రాయడం మొదలెట్టగానే తెలుగుకి వచ్చేలా నాలుగు లైన్ల సెట్టింగ్ రాసుకున్నాను. మీకు వీఎస్ కోడ్ అలవాటుంటే హాయిగా అదే వాడండి, దాన్లోనూ విమ్ పద్ధతికి ఎక్స్‌టెన్షన్ ఉంది. నాకు దేనితోనూ పోట్లాట లేదు.

కరెంటు పోయినా పోని పని

టీమక్స్ 2007లో వచ్చింది. ఊళ్ళో ఉండి పని చేసేవాళ్ళకి ఇది వరం. సర్వర్ మీద టీమక్స్ తెరిచి దాన్లో పని మొదలెడితే, మధ్యలో ఇంట్లో కరెంటు పోయినా, ఫోను హాట్‌స్పాట్ తెగినా అక్కడ పని ఆగదు. మళ్ళీ లోపలికెళ్ళి అటాచ్ అంటే, ఎక్కడ వదిలామో అక్కడే కర్సర్ మిణుకుమంటూ ఉంటుంది. మా ఊళ్ళో గాలివాన వస్తే రెండు గంటలు కరెంటు ఉండదు. ఆ రెండు గంటలూ నా ప్రోగ్రామ్ ఎక్కడో చల్లని గదిలో ఉన్న మెషీన్ మీద నడుస్తూ ఉంటుంది, నేను అరుగు మీద కూర్చుని మక్కకంకి తింటూ ఉంటాను.

గిట్ మీ అందరికీ తెలుసు. కనీసం ప్రాజెక్టు సబ్మిషన్ ముందు రోజు రాత్రి తెలుస్తుంది. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని లినక్స్ కెర్నెల్ పని కోసం రాశాడు. అంతవరకూ వాళ్ళు ఉచితంగా వాడుకుంటున్న బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ సౌకర్యం ఆపేసింది కాబట్టి రాయాల్సొచ్చింది. కథలు రాసేవాళ్ళకి దీని గురించి రెండు చిట్కాలు చెప్తాను. ఒకటి: గిట్ లైన్లవారీగా పోలుస్తుంది. పేరా మొత్తం ఒకే లైన్‌గా రాస్తే, ఒక్క కామా మార్చినా పేరా అంతా మారిందంటుంది. వాక్యానికో లైను రాసుకుంటే ఏ వాక్యం ఎప్పుడు మార్చారో స్పష్టంగా కనిపిస్తుంది. రెండు: ఫైలు పేరు తెలుగులో పెడితే గిట్ దాన్ని \340\260 అంటూ అంకెల్లో చూపిస్తుంది. భయపడకండి, ఫైలుకి ఏమీ కాలేదు. కోర్.కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. ఇక "కథ_ఫైనల్_కొత్త_అసలైనది" అనే పేర్లతో ఫైళ్ళు పెట్టుకునే బాధ తప్పుతుంది.

డెస్క్‌టాప్ మీద వాడేవి చాలా తక్కువ. స్క్రీన్‌షాట్ తీసి దాని మీదే బాణం గీయడానికి ఫ్లేమ్‌షాట్. కాపీ చేసిన పాత ముక్కలు గుర్తుపెట్టుకోడానికి ఒక క్లిప్‌బోర్డ్ మేనేజర్. పాటలకీ సినిమాలకీ వీఎల్‌సీ. ఇది 1996లో ప్యారిస్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు మొదలెట్టిన ప్రాజెక్టు. మన మినీ ప్రాజెక్టుల్ని తలుచుకుని కొంచెం సిగ్గుపడి, కొంచెం ధైర్యం కూడా తెచ్చుకోవచ్చు.

పదాల ఫైలు

ఇప్పుడు ఆ ఫైలు సంగతి. 2014లో, కాలేజీలో చేరిన మొదటి సెమిస్టర్ సెలవుల్లో మొదలెట్టాను. హాస్టల్లో అన్ని జిల్లాల వాళ్ళూ ఉండేవాళ్ళు. నేను "దూపైతుంది" అంటే ఒకడు ధూపం వేస్తావా అన్నాడు. దాహం అని చెప్పాను. ఇంటికెళ్ళాక బాపమ్మ మాట్లాడుతుంటే విన్నాను. తొవ్వ, పైలం, సోయి, యాష్ట, ఎగిలివారంగ. చిన్నప్పటి నుంచీ విన్న మాటలే, కానీ నా నోటి నుంచి ఒక్క సెమిస్టర్‌లోనే సగం జారిపోయాయని తెలిసింది. ఆ రోజే ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి రాయడం మొదలెట్టాను. లైనుకో మాట. మాట, ట్యాబ్, అర్థం, ట్యాబ్, ఆమె వాడిన వాక్యం, ట్యాబ్, తేదీ. ఇవాళ లెక్కపెడితే 1,312 లైన్లు.

వర్డ్ డాక్యుమెంట్‌లో ఎందుకు రాయలేదంటే, దానికి మా చిన్నాయన కారణం. ఆయనకి జగిత్యాలలో డీటీపీ షాపుండేది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, ఊళ్ళో కవుల పుస్తకాలు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసేవాడు. ఆ రోజుల్లో అదే దారి. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టుకున్నవి. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే పిచ్చి గీతలు. షాపు మూసేశాక ఆ సీడీలు నాకిచ్చాడు. ఏ ఫైలు తెరిచినా అర్థం కాని గుర్తులే. వాటిలో వెతకలేం, కాపీ చేయలేం. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర తప్పులు చేతితో దిద్దుకోవాలి. పదేళ్ళ కష్టం కళ్ళ ముందే ఉంది, చదవడానికి లేదు. నేను రాసేది అలా కాకూడదనుకున్నాను.

నా ఫైలు యూటీఎఫ్-8లో ఉంటుంది. 1992 సెప్టెంబరులో ఒక రాత్రి న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, కంచం కింద వేసే కాగితం మీద కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని రూపొందించారు. గ్రెప్ రాసిన థాంప్సనే. ఆయనకి తెలుగు వచ్చని ఎవరూ అనుకోరు. కానీ ఆయన పద్ధతిలో తెలుగు అక్షరానికి ఇంగ్లిష్ అక్షరానికి ఉన్నంత గౌరవమే ఉంది. చోటు మాత్రం కొంచెం ఎక్కువ పడుతుంది. "తెలుగు" అనే మాటని డబ్ల్యుసీకి ఇస్తే 18 బైట్లు అంటుంది. అక్షరాలు లెక్కపెట్టమంటే 6 అంటుంది. మనం చదివేది మూడే: తె, లు, గు. కంప్యూటర్ త వేరుగా, ఎత్వం వేరుగా పట్టుకుంటుంది. ఒక్కోటీ మూడు బైట్లు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. మీరంతా ఫస్టియర్ ల్యాబ్‌లో పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ రాసే ఉంటారు. పైథాన్‌లో మాటని తిరగేసి అసలుదానితో పోల్చేది. దానికి "జలజ" ఇవ్వండి, పాలిండ్రోమే అంటుంది. "నటన" ఇవ్వండి, అవునంటుంది. ఇప్పుడు "వికటకవి" ఇవ్వండి. కాదంటుంది! తెనాలి రామకృష్ణుడి బిరుదుకే ఎసరు. ఎందుకంటే చివరి వి తిరగబడినప్పుడు దాని గుడి ముందుకొచ్చేసి ఒంటరిగా నిలబడుతుంది, వ వెనకబడుతుంది. మాటని అక్షరాలుగా కాక ముక్కలుగా తిరగేస్తే అంతే. అక్షరాన్ని అక్షరంగా పట్టుకునే నమూనా ఒకటి పెర్ల్‌లో ఉంది, గ్రెప్‌లో పెర్ల్ పద్ధతి ఆన్ చేసినా వస్తుంది. దాంతో వికటకవికి న్యాయం జరుగుతుంది. ఒత్తులున్న "లక్ష్మి" లాంటి మాటల్లో ఆ నమూనా కూడా పొల్లు దగ్గర విరిగేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో మన సంయుక్తాక్షరాల్ని కలిపి ఉంచే నియమం చేర్చారు. అది అన్ని పనిముట్లకీ చేరాలంటే ఎవరో ఒకరు కూర్చుని చేర్చాలి. ఆ ఎవరో మనవాళ్ళే ఎందుకు కాకూడదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నా ఫైలులో వెతుకుతుంటే ఇలాంటివి ఎన్నో నేర్చుకున్నాను. యాష్ట అని ఒకచోట, యాస్ట అని ఒకచోట రాసుకున్నాను. చతురస్ర బ్రాకెట్లలో ష, స రెండూ పెట్టి అడిగితే గ్రెప్ రెండిటినీ పట్టిస్తుంది. "జగిత్యాల్‌ల" అని రాసినప్పుడు ల్, ల కలిసిపోయి ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది. అది లేకుండా వెతికితే, ఎదురుగా ఉన్న మాట కూడా దొరకదు. చాలా టెర్మినళ్ళలో తెలుగు సరిగ్గా కనిపించదు కూడా. అవి ఒకే వెడల్పు గళ్ళు గీసుకుని గడికో అక్షరం పెడతాయి. మన ఒత్తులూ దీర్ఘాలూ ఆ గళ్ళలో ఇమడవు. అయినా ఫైలులో ఉన్నది చెక్కుచెదరదు. చూపించేది వంకరైనా దాచింది సరిగ్గానే ఉంటుంది. ఇంకో కిటికీలో తెరిస్తే ఒత్తులన్నీ వాటి చోట్లో ఉంటాయి.

ఈ పదకొండేళ్ళలో మూడు ల్యాప్‌టాపులు మారాయి. రెండోదాని హార్డ్‌డిస్క్ ఒక పొద్దున లేవనే లేదు. దాన్లో సినిమాలు పోయాయి, ఫోటోలు కొన్ని పోయాయి. పదాల ఫైలు గిట్‌లో ఉంది కాబట్టి ఇంకో రెండు మెషీన్ల మీద నకళ్ళున్నాయి. ఒక్క లైను పోలేదు.

బాపమ్మకి ఎనభై దాటాయి. రెండేళ్ళుగా మతిమరుపు బాగా ఎక్కువైంది. నన్ను చూసి నాన్న పేరుతో పిలుస్తుంది. మాటలు తగ్గిపోయాయి. నేను ఫైలులో కొత్త లైను రాసి ఏడాది దాటింది. పోయిన దసరాకి ఇంటికెళ్ళినప్పుడు, ఊరికే కూర్చుని ఏం చేయాలో తోచక, ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఫైలులోంచి ఆమె వాక్యాలే ఆమెకి చదివి వినిపించడం మొదలెట్టాను. షఫ్ అనే చిన్న కమాండ్ ఉంది, ఫైలులోంచి ఏదో ఒక లైను తీసిస్తుంది. అది తీసింది, నేను చదివాను.

"ఎగిలివారంగ లేసి నాటుకు పోతే పొద్దుగూకినంక ఇల్లు జేరుదుము."

ఆమె తల తిప్పి చూసింది. "గా మాట నువ్వెక్కడ ఇన్నవ్?" అంది.

"నువ్వే చెప్పినవ్ బాపమ్మా. 2017 సంక్రాంతికి."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మోకాలంటి బురద. మీ నాయినను గట్టు మీద చెట్టుకు తొట్టెల గట్టి పండబెట్టిన" అంది. ఆ వాక్యం నా ఫైలులో లేదు. నాన్న కూడా ఎప్పుడూ వినలేదట. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను ఇన్‌స్క్రిప్ట్ ఆన్ చేసి 1,312వ లైను రాసుకున్నాను. మాట: తొట్టెల. అర్థం: ఉయ్యాల. వాక్యం, తేదీ.

ఈ పనంతా చేసింది ఒక టెక్స్ట్ ఫైలు, ఒక చిన్న కమాండ్. రెండూ ఉచితం. 4 జీబీ ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తాయి. ఇవాళ అన్నీ కొత్త కొత్త యాపుల్లో దాచుకుంటున్నాం. కంపెనీ యాప్ మూసేస్తే, చందా కట్టడం ఆపేస్తే, పాస్‌వర్డ్ మరిచిపోతే మన మాటలు మనకి దక్కవు. కృత్రిమ మేధని అడిగితే కావాల్సిన కమాండ్ క్షణంలో రాసిస్తుంది, నేనూ అడుగుతాను. కానీ అది రాసిచ్చిన వరసలో ఏ ముక్క ఏం చేస్తుందో చదివి తెలుసుకోకుండా ఎంటర్ నొక్కను. ఆర్‌ఎమ్ అనే కమాండ్‌కి రీసైకిల్ బిన్ ఉండదు.

ఏది నేర్చుకోవాలని అడిగే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేను చెప్పేది ఒకటే. ముందు గ్రెప్, సార్ట్, యూనిక్, డబ్ల్యుసీ, ఈ నాలుగూ నేర్చుకోండి. వారానికొకటి చాలు. దేని గురించైనా సందేహమొస్తే టెర్మినల్‌లోనే మ్యాన్ అని కొట్టి దాని పేరు రాయండి, నెట్ లేకపోయినా పుస్తకం తెరుచుకుంటుంది. ఆ తర్వాత గిట్. విమ్ మీ ఓపిక. వీటిని నేర్చుకోడానికి పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలు వద్దు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు ఒక ఫైలులో రాసుకోవడం మొదలెట్టండి. శ్రీకాకుళం అయినా, చిత్తూరు అయినా, ఆదిలాబాద్ అయినా. వంద లైన్లయ్యేసరికి గ్రెప్ వస్తుంది, మాటలూ ఉంటాయి.

చివరగా సంపాదకవర్గానికి ఒక మాట. మన క్లబ్ పాత సంచికలు కొన్ని పాత ఫాంట్ల పీడీఎఫ్‌లుగా ఆఫీసు అల్మారాలోని సీడీల్లో ఉన్నాయని విన్నాను. వాటిలో ఎవరి మొదటి కథ ఉందో, ఎవరి మొదటి కవిత ఉందో ఇప్పుడు వెతికినా దొరకదు. ఈ సెలవుల్లో ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు దిద్ది, వాక్యానికో లైనుగా పెడదాం. నేను శనివారాలు ఖాళీ. ల్యాప్‌టాప్ 4 జీబీది అయినా పరవాలేదు, పట్టుకు రండి.